రొట్టె మీద గాటు

డార్చెస్టర్,
మార్చి 1958

డెలియా,

నీ సోడా రొట్టె పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉంటోందని రాశావు. నీ ఓవెన్ తప్పేమీ లేదు. లోపల పెట్టే ముందు పిండిముద్ద మీద కత్తితో లోతుగా శిలువ గుర్తు గీయాలి. అది మరిచిపోయి ఉంటావు. చిన్నప్పుడు నువ్వు వెన్న రాసే వేళకే కదా వంటింట్లోకి వచ్చేదానివి!

కొలతలు అడిగావు. చెవి విరిగిన నీలం కప్పుతో నాలుగు కప్పుల పిండి, చెంచాడు సోడా, చెంచాడు ఉప్పు, పిండి ముద్దయ్యేంత మజ్జిగ. పంతొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం నేనే చేస్తున్నాను. అమ్మ కుర్చీలోంచి కదలకుండా ఒక ముక్క కొరికి, "ఉప్పు చాల్లేదే. నా డెలియా చేతి రొట్టే రొట్టె!" అంటుంది. నేను బంగాళాదుంపలు ఉడకేస్తాను.

జనవరిలో ఫింటన్ పెళ్లయింది. అవును, ఆ ఫింటనే. నా కోసం పన్నెండేళ్లు ఆగాడు. పెళ్లికి రెండు రొట్టెలు పంపాను. నేను మాత్రం వెళ్లలేదు. బయల్దేరుతుంటే అమ్మకి గుండెదడ మొదలైంది. నేను కోటు విప్పేసరికి తగ్గింది.

ఈస్టర్‌కి ఒక్క వారం వచ్చి ఉండవే. నీ చేతి రొట్టె అమ్మకి నువ్వే తినిపించు. నేనెక్కడికీ పారిపోను, సముద్రం దాకా వెళ్లి వస్తాను.

ఆ శిలువ ఎందుకో గుర్తుందా? నిన్న గీస్తుంటే అమ్మ కుర్చీలోంచే అరిచింది: "ఇంకా లోతుగా గియ్యవే! లోపలున్న దయ్యం బయటికి పోవద్దూ?"

గీశాను. ఈ ఇంట్లోంచి బయటపడే దారి ఆ దయ్యానికొక్కదానికే ఉంది, డెలియా.

నీ అక్క