ఎల్బో మీద వెండి రంగు

సెప్టెంబరు 12, 1983
టెస్ట్ షెడ్డులో పైపు ఊపడం మొదలైంది. లోపల నిండా నీళ్లు, పంపుతో ఎక్కించిన ప్రెషరు. జాక్ అటూ ఇటూ తోస్తుంటే ఎల్బో, అదే పైపు వంపు, ముడుచుకుంటూ, తెరుచుకుంటూ... భూకంపానికి ఇలాంటి పైపులు ఆగుతాయా లేదా అని పై ఇంజనీర్ల బెంగ. నా బెంగ వేరు. ఆ ఎల్బోని అతికిన వెల్డరు మా బావ.

సెప్టెంబరు 13
ఈ టెస్టు చూసే ఇంజనీరు సాహెబు ముందే తేల్చేశాడు— "టూటేగా తో వెల్డ్ హీ టూటేగా." విరిగితే అతుకే విరుగుతుందట. అదే జరిగితే కాంట్రాక్టరు బావని గేటు బయట నిలబెడతాడు. అక్కకి నెలలు నిండుతున్నాయి. దేవుడా, ఆ అతుకు నిలబెట్టు.

సెప్టెంబరు 15
జాక్ ఆపినా ఎల్బో పక్కలు ఉబ్బే ఉంటున్నాయి. ఊపిన కొద్దీ ఇంకాస్త. వెల్డు చెక్కుచెదరలేదు! నేను గీసుకున్న సుద్ద గీతల దగ్గర రోజూ కాలిపర్ పెట్టి కొలుస్తున్నాను కదా, విరిగితే అతుకు కాదు, ఆ ఉబ్బిన చోటే అని చూపించగలను. సాహెబు సెలవులో ఉన్నాడు. పూజ అయ్యాకే వస్తాడట.

సెప్టెంబరు 17
విశ్వకర్మ పూజ. ఏటా మిషన్లు కడిగి రంగేస్తారని తెలుసు. అయినా షెడ్డుకి తాళం వేయాలని తోచలేదు, నా బుర్రకి ఏమైందో! పైపుకి కూడా వెండి రంగు కొట్టేశారు. పైన కుంకుమ, బంతిపూల దండ. గీతలు మాయం. పెయింటరు మీద అరిస్తే— "పూజా మే ఐసే హీ రఖేంగే క్యా, భయ్యా?" పూజకి ఇలాగే వదిలేస్తామా అని నన్నే అడిగాడు. ఏడుపొచ్చింది. బావ వచ్చి ప్రసాదం చేతిలో పెట్టాడు.

సెప్టెంబరు 19
గీతలే లేనప్పుడు ఎక్కడ కొలిచావో ఎలా నమ్మను, అంటాడు సాహెబు. కంటితో చూడండి సార్ అన్నాను. "తుమ్హారా జీజా హై న?" మీ బావేగా, అందుకే ఈ మాటలు అని దెప్పడం.

సెప్టెంబరు 21
పైపు కారింది. ఫెళ్లున విరగలేదు. చెమట పట్టినట్టు నీళ్లు, వెల్డు అంచునే. సాహెబు వేలు పెట్టి చూపించాడు. రంగు కింద పాకి అక్కడ బయటపడ్డాయి సార్, పగులు ఎల్బో పక్కన, ఉబ్బిన చోట ఉంటుంది, రంగు గీకి చూద్దాం— బతిమాలాను. రేపు అందరి ముందు గీకమన్నాడు.

సెప్టెంబరు 22
షెడ్డు మెట్ల మీద. సాహెబు ఇంకా రాలేదు. పగులు ఉబ్బిన పక్కనే ఉండాలి. లేకపోతే?
బావ నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.
"అక్కకి ఏటి సెప్పినావు, బావా?"
"ఏటీ సెప్పనేదు."
స్క్రేపరు నా ఒళ్లో పెట్టాడు. "నువ్వే గీకరా. నాను సూడనేను."
గోడకేసి తిరిగి నిలబడ్డాడు. సాహెబు జీపు వచ్చింది—