ఉతికిన గుడ్డలు

నూకరత్నం,

నువ్వు పోయి నేటికి నాలుగేళ్లు. పొద్దున నాకు ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. కాన్పుల నర్సింగులో ఎమ్మెస్సీ చదవడానికి సీటిచ్చారు. తిరిగొచ్చాక, నీకు కాన్పయిన ఇలాంటి వార్డుకి నేనే పెద్దనవుతాను. అందరూ మిఠాయి అడుగుతున్నారు. ఇంకా తెప్పించలేదు.

మధ్యాహ్నం మీ అత్త, నీ కూతురికి సూది మందు వేయించడానికి మునగపాక నుంచి వచ్చింది.

"ఢిల్లీ ఎల్తన్నారంట గదా నర్సమ్మా. మా కోడల్ని ఎంత బాగా సూసేరు!" అంది. ఆపైన తనే, "నేనేటి తక్కువ సేసేనా? మీరు సూత్తే సిగ్గని, గుడ్డ తడిసినప్పుడల్లా తీసేసి ఉతికినది ఏసేను. ఆ రోజు ఎన్ని మార్లు ఉతికేనో!" అంది.

నాలుగేళ్లుగా నాకు అంతుపట్టనిది అదే. కాన్పయ్యాక నేను మూడుసార్లు వచ్చి చూశాను. మూడుసార్లూ నీ కింద గుడ్డ శుభ్రంగానే ఉంది. రక్తం మామూలుగానే పోతోందని చార్టులో రాశాను. నువ్వు దాహమన్నావు. ఈ ఎండలకి అందరికీ దాహమేనని కసిరాను. సాయంత్రానికి ఒంట్లో రక్తమంతా పోయి నువ్వు లేవు. గుడ్డని చూశాను గానీ నీ నాడి పట్టుకోలేదు.

మీ అత్తకి ఏం చెప్పను? "బాగా చేశావమ్మా" అన్నాను.

సూదికి ఏడవని నీ కూతురు వెళ్తూ వెళ్తూ దాహమంది. గ్లాసు అందించి దాని మణికట్టు పట్టుకున్నాను.

"దానికేటీ నేదు నర్సమ్మా, ఒగ్గేయండి. బస్సెల్లిపోద్ది" అంది మీ అత్త.

వాచీ చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టాక గానీ వదల్లేదు.