పద్నాలుగో నంబరు ఇటుక

17 జూన్ 2025, మంగళవారం

క్లబ్ గది పోయింది. క్వార్టర్స్ కమిటీ మీటింగ్ పదిహేను నిమిషాల్లో ముగిసింది. అందులో పది నిమిషాలు ఫ్యాన్ తిరగడం లేదన్న గొడవే.

ఆ గది లైబ్రరీకి కావాలని నేను జనవరిలోనే రాసిచ్చాను. తాత ట్రంకుపెట్టె నిండా యూనియన్ కరపత్రాలున్నాయి. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది వాటితోనే, బడిలో కాదు. బెంగాలీవాళ్ల ఊళ్లో ఈ ఖిదిర్‌పూర్ మున్సిపల్ క్వార్టర్స్‌లో నా వయసు వాళ్లకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మన తాతల చేతికి చీపుర్లిచ్చి ఇక్కడికి ఎందుకు తెచ్చారో ఒక్కడికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. సెక్రటరీ మనోహర్ నా కాగితం ఎక్కడో పెట్టి మరిచిపోయాడట.

గది బర్మా నుంచి వచ్చినవాళ్లకి ఇచ్చేశారు. ఆడవాళ్లంతా చేతులెత్తారు. మా అమ్మ రెండు చేతులూ ఎత్తింది. మనోహర్ ఒక్కడే వద్దన్నాడు. వాడితో ఏకీభవించాల్సి రావడం ఇవాళ నాకు జరిగిన రెండో అవమానం.

19 జూన్

వాళ్లలో పెద్దావిడ పేరు అన్నపూర్ణ. యాభై ఉంటాయి. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మా వెళ్లాడట. అక్కడ సైన్యం గద్దెనెక్కాక ఈమె ఇల్లు వదిలి, మిజోరం కొండల మీదుగా ఇక్కడికి చేరింది. వాళ్లలో కొందరు మన భాషవాళ్లు, కొందరు కాదు. అందరూ పారిపోయి వచ్చినవాళ్లే. గది తీసుకున్న సంస్థని నడిపేదీ వాళ్లే, ఢిల్లీ నుంచి వచ్చిన సారు ఎవరూ లేరు. బ్యానర్ మీద ఇంగ్లీషులో పొడుగాటి పేరుంది. క్వార్టర్స్‌లో మాత్రం అందరూ జతల గది అంటున్నారు.

విదేశీ ఫండ్ ఎక్కడ దాచారో చూద్దామని వెళ్లాను. ఒక టేబుల్, ఒక కెటిల్, గోడవారగా ఇరవై రెండు ఇటుకలు. ఇటుకల మీద తెల్ల పెయింటుతో నంబర్లు.

24 జూన్, మంగళవారం

ఇటుకల సంగతి తెలిసింది.

పెద్దాసుపత్రిలో ఔట్‌డోర్, అంటే ఓపీ, టికెట్ కిటికీ తొమ్మిదికి తెరుస్తారు. లైన్ తెల్లవారుజామున నాలుగుకే మొదలవుతుంది. ఈ ఊళ్లో లైన్‌లో మనిషి బదులు ఇటుక పెడతారు. కానీ ఇటుక పక్కన మనిషి లేకపోతే, చోట్లు అమ్ముకునే లైన్ దాదాలు దాన్ని కాలితో తన్నేస్తారు. మనవాళ్లు ఆరింటికి ఊడ్చే డ్యూటీకి హాజిరీ ఇవ్వాలి, లైన్‌లో ఉండలేరు. బర్మావాళ్లు ఉండగలరు, కానీ కిటికీ దగ్గర అడ్రసు, ఫోన్ నంబరు అడిగితే చెప్పడానికేమీ లేదు. అందుకని అన్నపూర్ణ ఇద్దరిద్దర్ని జత కలిపింది. జతకో ఇటుక. ఒకరు నాలుగింటి నుంచి దాని పక్కన ఉంటారు. రెండోవాళ్లు డ్యూటీ దిగి తొమ్మిదికి వచ్చి, ఇద్దరం ఒకే ఇంటివాళ్లం అని చెప్పి రెండు టికెట్లు తీస్తారు.

అమ్మది పద్నాలుగో నంబరు, మంగళవారం. మెడ దగ్గర గడ్డ పరీక్షకి. ఆమె జత బర్మావాళ్లలో సుందరి. నలభై ఏళ్లు, గట్టిగా మాట్లాడదు. ఆమెకి మూర్ఛ. నెలకోసారి ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాత్రలు మింగితే మామూలుగా ఉంటుంది, మానితే ఎక్కడుంటే అక్కడ పడిపోతుంది. అమ్మే చెప్పింది, అదేదో తన గొప్పయినట్టు.

26 జూన్

ఇది సాయం కాదు. వెట్టి.

29 జూన్, ఆదివారం

వెళ్లి అడిగేశాను. చీకట్లో ఐదు గంటలు నిలబడేది మీవాళ్లు, తొమ్మిదింటికి తలదువ్వుకుని వచ్చేది మావాళ్లు, దీన్ని ఏమంటారని. గుర్తింపు కాగితం లేనివాడి నడుము మీద కాగితం ఉన్నవాడు వైద్యం చేయించుకోవడం కాదా అని. గదిలో ఉన్న ఆడవాళ్లు టీ తాగడం ఆపేశారు. అమ్మ నన్ను పిల్లాడిలా చూసింది.

అన్నపూర్ణకి కోపం రాలేదు. నాకు అదే మండింది. కప్పు నా ముందుకు జరిపి అంది:

"నిలబడ్డం మాకు కొత్తేటి బాబూ? పక్కన మనిషి దొరకడమే కొత్త."

తర్వాత, మా వాళ్ల కాళ్ల మీద నీకంత జాలి ఉంటే మంగళవారం నువ్వే వచ్చి నిలబడు అంది. అందరూ నవ్వారు. గార్డెన్ రీచ్‌లో గోడౌన్ డ్యూటీ ఉందన్నాను. ఉందిగా మరి. ఇంకా నవ్వారు.

బానిస మనస్తత్వం అంటే ఏమిటో తాత కరపత్రంలో ఉంది. అది ఇవాళ కళ్లారా చూశాను.

2 జూలై

"పేర్లు రాయి. పేరు లేని ఆరోపణ పుకారు." ఇది తాత తన చేత్తో ఒక కరపత్రం అంచున రాసుకున్న మాట.

అన్నపూర్ణ కుళాయి దగ్గరకి వెళ్లినప్పుడు రిజిస్టర్ ఫోటో తీశాను. ఇరవై రెండు జతలు. ఇటుక నంబరు, ఇద్దరి పేర్లు, వారం, గంట.

4 జూలై

పోస్టర్ బెంగాలీలో రాశాను, నా చేత్తోనే. పైన ఎర్ర అక్షరాల్లో "ఇది సాయం కాదు, వెట్టి" అని హెడ్డింగ్, కింద మొత్తం లిస్టు. కుళాయి దగ్గర ఒకటి, బస్ స్టాప్ దగ్గర ఒకటి, ఆసుపత్రి ఔట్‌డోర్ గేటు మీద ఒకటి అంటించాను. జిగురు సరిపోక మూడోదానికి మైదా ఉడికించాను. మైదా ఏమైందని అమ్మ అడిగింది. చెప్పలేదు.

మొదటిసారి ఏదో చేసినట్టుంది.

5 జూలై

మనోహర్ టీ ఇప్పించాడు. లీడర్ అన్నాడు. ఇన్నాళ్లకి క్వార్టర్స్‌లో ఒక మగాడు నోరు విప్పాడన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర తన బావమరిది "సర్వీస్" చేస్తుంటాడు, వాడికి రెండు కాపీలు కావాలన్నాడు. ఐదు ఇచ్చాను.

వాడి బావమరిది సర్వీస్ ఏమిటో నాకు తెలుసు. లైన్‌లో మొదటి పది చోట్లు అమ్ముతాడు. జతల ఇటుకలు వచ్చాక వాడి బేరం పడిపోయింది. అదీ తెలుసు. తెలిసే ఇచ్చాను. నిజాన్ని ఎవడు చదివితే ఏం?

8 జూలై, మంగళవారం

వాన.

అమ్మ పదకొండింటికే తిరిగొచ్చింది. టికెట్ దొరకలేదు.

జరిగింది పక్కింటి రామచంద్రి చెప్పింది, అమ్మ కాదు. తెల్లవారకముందే లైన్ దాదాలు నలుగురు గేటు దగ్గరికి వచ్చారట. ఒకడి చేతిలో నా పోస్టర్. ఒక్కో ఇటుక దగ్గర ఆగి, నంబరు చూసి, లిస్టులో పేరు చదివి, కాగితం చూపించమన్నారట. గార్డు పక్కకి తిరిగి బీడీ కాల్చుకున్నాడట. "పద్నాలుగు, సుందరి" అని పిలిచేసరికి ఆమె గొడుగు కూడా వదిలేసి వెళ్లిపోయిందట. ఇటుకలు కాలవలో పడేశారు.

సాయంత్రం అమ్మ తడిసిన పోస్టర్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. అమ్మకి బెంగాలీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చదివి వినిపించమంది. చదివాను. హెడ్డింగ్ దగ్గర నా గొంతు బాగానే ఉంది. లిస్టులో పదమూడు దాకా కూడా బాగానే ఉంది.

"సుందరి పేరెందుకు రాసినావు?"

అది నిజం అన్నాను.

"నిజవేరా. అందుకే అడుగుతన్నాను."

శనివారం దాకానే ఆమెకి మాత్రలున్నాయంది. అన్నం పెట్టింది. తను తినలేదు.

10 జూలై

పోలీసు థానా నుంచి వచ్చామని చెప్పి ఇద్దరు రిజిస్టర్ అడిగారు. కమిటీ జతల గదికి తాళం వేసింది. ఈసారి మనోహర్ చెయ్యెత్తితే ఇంకెవరూ ఎత్తలేదు, అయినా తాళం పడింది. అన్నపూర్ణ బ్యానర్ తనే విప్పి, చీర మడతపెట్టినట్టు మడతపెట్టింది. వాళ్లలో సగం మంది క్వార్టర్స్ చుట్టుపక్కల గదులు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

సుందరి ఎక్కడుందో చెప్పమని అన్నపూర్ణని అడిగాను. మాత్రలు నేనే కొనిస్తానన్నాను.

"నీకు చెప్పను బాబూ. రాస్తావు."

12 జూలై, శనివారం

మూడు మందుల షాపులు తిరిగాను. చీటీ లేకుండా ఆ మాత్రలివ్వరు. చీటీ ఆమె దగ్గరే ఉంది. ఆమె ఎక్కడుందో తెలిసినవాళ్లెవరూ నాతో మాట్లాడటం లేదు.

తిరిగొస్తుంటే మనోహర్ పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాడు. లైబ్రరీ పెట్టుకో లీడర్, ఓపెనింగ్‌కి నేను రిబ్బన్ తెస్తానన్నాడు. కాలర్ పట్టుకున్నాను. నన్నే చూసి నవ్వాడు. పోస్టర్ నీదా నాదా అన్నాడు. కాలర్ వదిలేశాను. తాళంచెవి మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది.

13 జూలై

గదిలో కూర్చున్నాను. మంగళవారం ఇటుకలు తప్ప మిగతావి గోడవారగానే ఉన్నాయి. కెటిల్‌లో టీ బూజుపట్టింది. తాత కరపత్రాలు ఒక కట్ట తెచ్చాను. విప్పలేదు.

15 జూలై, మంగళవారం

గోడౌన్‌కి సెలవు చెప్పి మూడున్నరకే వెళ్లాను. కొత్త ఇటుక. పెయింట్ లేక సుద్దతో పద్నాలుగు వేశాను. మనోహర్ బావమరిది గుర్తుపట్టాడు. కామ్రేడ్‌కి ఫ్రీ అని మూడో చోటు ఇవ్వబోయాడు. వద్దన్నాను. ఆ వద్దన్నది గట్టిగానే అన్నట్టున్నాను. పై పెదవి చిట్లింది, చొక్కా చిరిగిపోయింది. ఇటుక వదల్లేదు.

ఆరింటికే కాళ్లు లాగాయి. ఏడింటికి వాన. దాహం వేసింది కానీ కదిలితే చోటు పోతుంది. ఒంటికి వెళ్లాలన్నా అంతే. ఇవేవీ నా పోస్టర్‌లో లేవు. పక్కన ఇంకో మనిషి ఉంటే ఎంత తేడాయో అది కూడా లేదు.

తొమ్మిదికి అమ్మ వచ్చింది, యూనిఫాంలోనే. నా పెదవి చూసింది. కిటికీ దగ్గర రెండు టికెట్లు అడిగింది. రెండో మనిషి ఏదని లోపలివాడు అడిగితే, మా ఇంటి మనిషే, వస్తాది అంది. మధ్యాహ్నం రెండింటి దాకా బెంచీ మీద కూర్చున్నాం. ఎవరూ రాలేదు. ఆ టికెట్ అమ్మ జాకెట్‌లో పెట్టుకుంది.

18 జూలై

అమ్మ జత మనిషి మాత్రల్లేక హౌరా ఫెర్రీ ఘాట్ మెట్ల మీద పడిపోయిందట, నిన్న. ప్రాణానికి ఏం కాలేదు. నుదుటిమీద నాలుగు కుట్లు. ముందు పళ్లు రెండు పోయాయి. అన్నపూర్ణ ఈ మాట అమ్మకి చెప్పింది. నేను వింటున్నానని తెలిసే, నా వైపు చూడకుండా చెప్పింది.

తాళంచెవి ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు. అమ్మ తీసి కొంగున కట్టుకుంది. గది మళ్లీ తెరవమని ఆడవాళ్లందరి వేలిముద్రలు, సంతకాలు కమిటీకి ఇస్తారట. ఆ కాగితం రాసిపెట్టనా అని అడిగాను.

వద్దన్నారు.

నాకింకా కోపంగానే ఉంది. ఇదివరకైతే ఎవరి మీదో ఒక పేజీ రాసేవాణ్ని.

22 జూలై, మంగళవారం. ఉదయం 4.20

ఇటుక పెట్టాను. పద్నాలుగు. అమ్మ తొమ్మిదికి వస్తుంది.

ఇప్పుడే ఒక ఆడమనిషి వచ్చి పక్కన నిలబడింది. ముఖం కొంగుతో కప్పుకుంది. దగ్గినప్పుడు కొంగు జారింది. ముందు పళ్లు రెండు లేవు.

పేరు అడగలేదు. ఇక్కడా రాయను.