మీ బావ చెవుల సంగతి

ఫింటాస్, కువైట్
శుక్రవారం

ప్రియమైన తమ్ముడు డేవిడ్‌కి,

ప్రభువు పేరిట నీకూ, మరదలు రూతుకూ, పిల్లలకూ మీ అక్క సువార్త వందనాలు. దేవుని దయవల్ల మేమిద్దరం తింటున్నాం, తిరుగుతున్నాం. అమ్మ మోకాళ్లకి నేను పంపిన మందు రాస్తున్నారా? రూతు కుట్టుమిషను బాగైందా?

ఫోను ఉండగా కాగితం మీద రాస్తోందేమిటని అనుకుంటావు. ఉండేది ఒక్క గది. నేను ఫోనెత్తితే మీ బావ పక్కన వచ్చి కూర్చుని నా ముఖమే చూస్తూ ఉంటాడు. ఆయన ముందు ఇవన్నీ ఎలా చెప్పను? మా క్లినిక్‌లో పనిచేసే ఎస్తేరు సెలవు మీద నరసాపురం వస్తోంది. ఈ ఉత్తరం నీ చేతికే ఇమ్మని చెప్పాను. చదివాక అమ్మకి మాత్రం చెప్పకు. మేం బాగానే ఉన్నాం, కంగారు పడకు.

మీ బావకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కొంచెం మిగిలింది. మా క్లినిక్‌కి వచ్చే చెవుల డాక్టరు మద్రాసు ఆయన. పరీక్ష చేసి, "ఈయన ఏం పని చేసేవాడు సిస్టర్?" అని అడిగాడు. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. గుళ్లో క్వయరుకి ప్యాడ్లు వాయించేవాడని చెప్పాను. రాజోల్లో క్యాసెట్ల షాపు మీద గది తీసుకుని, డప్పు దరువుని కంప్యూటర్లో ఎక్కించి, దాని కింద గుండెలదిరేలా దెబ్బ పెట్టి, మనిషి చేతులు వాయించలేనంత జోరుగా పరిగెత్తించిన మొదటివాళ్లలో ఒకడని చెప్పాను. మొదటిసారి పెళ్లి ఊరేగింపులో అది మోగినప్పుడు, "ఇది పాటా, పిండి మర ఆడతందా?" అని పెద్దలు తిట్టడం నీకు గుర్తుండే ఉంటుంది. కుర్రాళ్లు మాత్రం ఆపనివ్వలేదు. ఆ పాటలే వాయిస్తున్నాడని పాస్టరుగారు క్వయరు నుంచి తీసేశారు. ఆ దరువు తుని నుంచి ఏలూరు దాకా పోయింది. పోయిన ప్రతి ఊళ్లోనూ ఎవడో ఒకడు ఆయన పేరు చెరిపి తన పేరు వేసుకున్నాడు.

నువ్వు మా డీజే లారీ నడిపేవాడివి, అన్నీ నీకు తెలిసినవే. లారీ మీద స్పీకరు పెట్టెలు పెరిగేకొద్దీ ఆయన వాటి ముందుకే వెళ్లి నిలబడేవాడు. దూరంగా రమ్మంటే, "ముందు నిలబడకపోతే దెబ్బ సరిగ్గా పడ్డదో లేదో ఎలా తెలుత్తాదే?" అనేవాడు. డీజే ఊరేగింపులు పోలీసులు ఆపేశాక లారీ పోయింది, గది పోయింది. ఆ మోత మాత్రం ఆయన చెవుల్లోనే ఉండిపోయింది. రాత్రీ పగలూ ఈల వేసినట్టు ఉంటుందట. డాక్టరు అంతా విని, "మోతకి దూరంగా ఉంచండి. ఉన్నదైనా నిలుస్తుంది. పోయింది మాత్రం రాదు" అన్నాడు.

ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి మిర్కాబ్‌లో స్పీకర్లూ లైట్లూ అద్దెకిచ్చే షాపులో చేశాడు కదా. మేనేజరు మిస్రీ, అంటే ఈజిప్టు ఆయన, చెడ్డవాడు కాదు. వినపడటం లేదని మీ బావ అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఎవరేం చెప్పినా నవ్వి తలూపేవాడు. చెప్పిన పని ఎలాగూ తెలిసిందే కాబట్టి గడిచిపోయింది.

పోయిన నెల రిగ్గైలో ఒక హాల్లో మన తెలుగువాళ్ల కూడిక జరిగింది. శుక్రవారం మధ్యాహ్నం, పిల్లాపాపలతో హాలు నిండిపోయింది. నేనూ ఎస్తేరూ వెళ్లాం. సౌండు మీ బావ షాపుదే. మీటల బల్ల దగ్గర ఆయనే కూర్చున్నాడు. భోజనాలయ్యాక ఎవరో కుర్రాడు లాప్‌టాప్ తెచ్చి పాటలు వేశాడు. రెండో మూడో అయ్యాక ఒక దరువు మొదలైంది. నాకంటే ముందు మీ బావ పోల్చుకున్నాడు. చెవితో కాదు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఉంది, దానితో పోల్చాడు. నా వైపు తిరిగి, "నాదేనే! రాజోల్లో చేసింది!" అని అరిచాడు. ఆ ముఖం చూసి ఎన్నాళ్లయిందో తమ్ముడూ.

అరుస్తూనే మీట పైకి తోసేశాడు. స్టేజీ మీద ఎవరో మైకు ఆన్‌లోనే వదిలేసినట్టున్నారు, అది కీచుమని కూత పెట్టింది. సూదిలా గుచ్చుకునే కూత. జనం చెవులు మూసుకున్నారు. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఆయన కళ్లు మూసుకుని తలాడిస్తూ ఇంకా పైకి తోస్తున్నాడు. నేను పరిగెత్తుకెళ్లి, "తగ్గించండి! ఏవండీ, తగ్గించండి!" అని భుజం కుదిపాను. మెచ్చుకుంటున్నానని అనుకున్నాడు. "ఆఁ, నాదే, నాదే!" అన్నాడు.

ఈలోపు పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది. మేనేజరు వచ్చి ఆయన చెయ్యి పట్టి లాగి, "ఖలాస్! ఖలాస్!" అని కేకలేశాడు. అప్పుడు కళ్లు తెరిచి చూస్తే హాలంతా ఆయన్నే చూస్తోంది. ఎందుకో మీ బావకి అర్థం కాలేదు.

లాప్‌టాప్ కుర్రాడు పక్కవాడితో, "చెవుడోణ్ణి తెచ్చి సౌండు దగ్గర కూచోబెట్టారేంటన్నా?" అన్నాడు. నేను వాడి దగ్గరికి వెళ్లి, ఆ దరువు ఎవరిది బాబూ అని అడిగాను. "ఏమోనక్కా, పాతది. ఎవరో గోదారోళ్లు చేశారంట. నెట్లో ఊరికే దొరుకుద్ది" అన్నాడు. చేసిన మనిషి పక్కనే తల దించుకుని వైర్లు చుట్టుకుంటున్నాడు. ఆ మాట చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను.

బస్సులో అడిగాడు, ఆ కుర్రాడు ఏమన్నాడని. పెదాలు కనపడేలా ఆయన వైపు తిరిగి, "ఈ దెబ్బ ఏ కొత్తపాటలోనూ లేదన్నాడండీ" అని చెప్పాను. "అబద్దం చెప్పేటప్పుడు నీ పెదాలు నెమ్మదిగా కదుల్తాయే సువార్తా" అని కిటికీ వైపు తిరిగిపోయాడు. బయట దుమ్ముగాలి, ఏమీ కనపడటం లేదు. అయినా ఇల్లు చేరేదాకా అటే చూశాడు.

మర్నాడే పనిలోంచి తీసేశారు. కొత్త కఫీల్, అంటే వీసా పూచీ తీసుకునే యజమాని, దొరికితే విడుదల కాగితం ఇస్తానని మేనేజరు అన్నాడు. దొరక్కపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు పోతుంది, ఆయన ఇంటికి వచ్చెయ్యాలి. చాలాచోట్ల తిరిగాం. మనిషి బాగానే ఉన్నాడనుకున్నవాళ్లు, రెండు మాటలు మాట్లాడేసరికి వద్దన్నారు. చివరికి హోటళ్ల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో తీసుకున్నారు. వాళ్లు ఏమీ అడగలేదు. ఎందుకు అడగలేదో తర్వాత తెలిసింది.

పోయిన వారం నాకు సెలవు. ఆ లాండ్రీ ఎలా ఉందో చూద్దామని మధ్యాహ్నం వెళ్లాను. తలుపు తీయగానే మోత ముఖం మీద కొట్టింది. గదంత మిషన్లు వరసగా తిరుగుతున్నాయి, పైన ఆవిరి. పక్కనున్న మనిషి మాట పక్కవాడికి వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. మీ బావ ఒక నేపాలీ ఆయనతో ఏదో సైగ చేసి పగలబడి నవ్వుతున్నాడు. ఈ దేశం వచ్చాక ఆయన ఒక మనిషితో అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు. డాక్టరు మాట చెప్పి ఆ పూటే మాన్పించాలని వెళ్లినదాన్ని, గుమ్మంలోనే నిలబడిపోయాను. తర్వాత బస్టాపుకి వచ్చి డ్యూటీ దిగేదాకా కూర్చున్నాను.

ఆయన రాగానే చెప్పేశాను. "ఆ మోతకి కుడి చెవి కూడా పోద్దండీ. మానేసి ఇంటికెళ్లిపోండి. నేను ఇంకొన్నాళ్లు చేసుకుని వచ్చేత్తాను."

"పోద్దని తెలుసు" అన్నాడు. "అక్కడ ఎవడికీ ఇనపడదే. నేనొక్కణ్ణే కాదు."

బస్సు వస్తే ఎక్కాం.

తమ్ముడూ, నర్సుని నేను. ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. బలవంతంగా పంపిస్తే చెవి కొన్నాళ్లు నిలుస్తుందేమో. కానీ అక్కడ ఊరంతా ఆయన్ని ఉరుము జాన్ అంటారు. ఆ ఊళ్లో చెవిటివాడిగా తిరగడం ఆయనకి చావే. పంపాలో ఉంచాలో తేలడం లేదు. నీకేమనిపిస్తుందో కాగితం మీదే రాసి ఎస్తేరు చేత పంపు. తనతోనే కాసిని ఎండు నెత్తళ్లూ, రూతు పెట్టిన చింతకాయ పచ్చడీ పంపు. ఈమధ్య ఆయన అన్నం సరిగా తినడం లేదు. షెడ్డులో పెట్టెలు అమ్మెయ్యాలా అని అడిగావు కదా, అమ్మెయ్. ఆయన్ని నేను అడగలేదు, అడగను కూడా.

పాస్టరుగారికీ అయ్యగారమ్మకీ మా వందనాలు చెప్పు. పెద్దమ్మని అడిగానని చెప్పు. పిల్లలకి నా ముద్దులు. కుటుంబ ప్రార్థనలో ఆయన పేరు తలుచుకోండి, ఎందుకని అడిగితే ఆరోగ్యం కోసమని చెప్పు. మా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఆయన నిద్రపోతున్నాడు. రేపు పొద్దున్నే ఆయనకి లాండ్రీలో డ్యూటీ. అన్నం వండి, బాక్సు కట్టి, నేనే బస్సు ఎక్కించి వస్తాను.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలని కోరుకునే
మీ అక్క,
సువార్త