కాళ్ళు కదిపిన కేసెట్టు

బావా,

నువ్వు పోయి ఏడాదైనా నీ మీద కోపం చల్లారలేదని ముందే చెబుతున్నాను. మెమరీ కార్డుల్లో పాటలెక్కించే కొట్టాయన నిన్న ఎస్.కోట నుంచి ఫోన్ చేశాడు.

"మీ బావ తీసిన కేసెట్లల్ల, తప్పెటగుళ్ళంటే ఏటో తెలియాలంటే ముందు ఏది ఇనాలి?" అన్నాడు.

నీకు పేరు తెచ్చిన మొదటి రెండూ వద్దన్నాను. నేల అదురుకి రికార్డింగు పాడవుతుందని మా తప్పెటగుళ్ళ జట్టునంతా గదిలో కదలకుండా నిలబెట్టి పాడించావు. గుండెల మీద రేకు తప్పెట మోగింది గానీ కాలి గజ్జె మోగలేదు. ఎగరకుండా ఆ పాట ఎవడు పాడతాడు? గజ్జెల చప్పుడు తర్వాత కీబోర్డుతో అతికించావు. అక్కని చేసుకున్నావని ఊరుకున్నాను. జాతరలో ఆ కేసెట్టు వేసినప్పుడల్లా సిగ్గుతో ఇంటికొచ్చేసేవాణ్ణి.

మూడోది వినమన్నాను. కరెంటు పోయి, బ్యాటరీల టేపురికార్డరుతో మీ పెరట్లో తీసినది. నువ్వు బీడీ వెలిగించుకోడానికి అటు తిరగగానే మేమంతా ఎగిరాం. మట్టిలో పాదాల చప్పుడు కూడా వినిపిస్తుంది. మధ్యలో నీ అరుపు: "ఒరే, కాళ్ళు కదపొద్దని సెప్పినానా లేదా!" ఆ అరుపు తీసెయ్యడం చేతకాక ఆ మూడోదాని కేసెట్లన్నీ అటక మీద పడేశావు.

"ఆ తిట్టు కోసీమంటావేటి?" అన్నాడు కొట్టాయన.

"ఒక్క ముక్క తీసినావంటే నీ కొట్టుకొచ్చి తంతాను" అన్నాను.

అక్క అటక మీంచి ఒకటి దించుకుని, రోజూ ఆ కేసెట్టే పెట్టి, నీ తిట్టు దాకా విని, మళ్ళీ వెనక్కి తిప్పుతోంది. ఇప్పటికీ మా పాట పూర్తి కానివ్వడం లేదు నువ్వు.