పేడ మడి, యూరియా మడి

పేడకి ఖర్చు లేదట, ఖర్చు! ఎంత నమ్మకంగా చెప్పేదానివే మంగా! నువ్వు పోయి ఏడాదయింది. ఈసారి రిసాలి కాలనీలో మన క్వార్టరు పెరట్లో నీ పేడ మడి, నా యూరియా మడి రెండూ నేనే చూశాను. వంకాయలు నా మడిలోనే ఎక్కువ కాశాయి. మన పందెం గెలిచాను గానీ, ఒప్పుకోవాల్సిన పెళ్లామే లేదు.

"యూరియా కొనాల, పేడ ఊరకే. నానే గెలిసినాను" అనేదానివి. ఊరకేం కాదే. తట్టలు మోశాక నా నడుము చెప్పింది. నీ కూలి మనం ఏనాడూ లెక్కలో వెయ్యలేదు. అది కలిపితే నువ్వు ఓడిపోయావు.

అయినా వచ్చే పంటకి రెండు మడులకీ పేడే వేస్తాను.

"అన్నియ్యా, పేడ ఎత్తి పెట్టినాను, తట్ట పట్టుకురా!" ఆవుల్ని పెంచే నర్సమ్మ గోడవతల నుంచి రెండోసారి కేకేస్తోంది. ఉండమ్మా, వస్తున్నా. పేడే ఎందుకంటే మంగా, నీ తట్ట నెత్తిన పెట్టుకున్నప్పుడల్లా నాకు నువ్వు పక్కనే…