గడువు తీరని లాగిన్

చిట్టీ,

ఫోన్ చేయకుండా ఉత్తరం పంపానని కంగారుపడకు. నీ ఫోన్ మీద నాకు నమ్మకం పోయింది.

మా టాక్సీ కంపెనీ యాప్‌లో, వాడకుండా గడువు తీరిన లాగిన్‌లు డేటాబేస్‌లోంచి వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు నిన్న నేనే చేశాను. పాతవన్నీ పోయాయి. నువ్వు మీ ఆయన ఇంట్లో వదిలేసి వచ్చిన పాత ఫోన్‌ది మాత్రం పోలేదు. అతను దాన్ని రోజూ తెరిచి చూస్తున్నాడు. నువ్వెక్కడ దిగుతున్నావో అంతా అందులో కనిపిస్తుంది.

"తీసేయనా సార్?" అని మా మేనేజర్‌ని అడిగాను.

"గడువు తీరనిదాన్ని మనం ముట్టుకోకూడదమ్మా," అన్నాడు.

ఉండబట్టలేక తీసేశాను. కాసేపటికే నీ పాస్‌వర్డ్‌తో మళ్లీ లోపలికొచ్చాడు. ఈసారి నువ్విప్పుడుంటున్న వీధి చివర నుంచి.

ఉత్తరం తెచ్చిన డ్రైవరమ్మ నాకు తెలిసిన మనిషే. ఉన్నపళంగా ఆమె కారెక్కి వచ్చెయ్యి. ఇంకెవరు తలుపు తట్టినా తియ్యకు.

నీ అక్క